తెర చూడలేని వారికి కంప్యూటరు – ఎట్లా ఎంచుకోవాలి?

(సొసైటీ వార్షిక సమావేశంలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిపంతులును. రోజంతా నల్లబల్ల మీద ఉర్దూ వ్రాసే చేయి నాది. అయినా మన సంచిక ఇంటింటా చదివేది తెలుగులోనే కాబట్టి, ఈ నాలుగు మాటలు తెలుగులోనే చెప్పుకుంటున్నాను. నా భాషలో దోషాలుంటే మన్నించి, విషయాన్ని మాత్రం గ్రహించవలసిందిగా మనవి.

సోదరులారా! ఈ యేడు విద్యా నిధి నుండి మన మరిపెడలో చూపులేని ఒక బిడ్డకు కంప్యూటరు కొనిద్దామని కార్యవర్గంలో ప్రస్తావన వచ్చింది. ఆ బిడ్డ పేరు ఇక్కడ చెప్పను. ఇంటరు పూర్తి చేసింది. డిగ్రీ చదివి, బి.ఎడ్. చేసి, నా వలెనే పంతులమ్మ కావాలని ఆమె కోరిక. ఇంటరు దాకా ఆమె ఎట్లా చదివిందో మీకు తెలుసా? వాళ్ల ఆపా రాత్రిపూట పుస్తకం పట్టుకొని చదివేది, ఈ బిడ్డ వినేది, వినగా వినగా కంఠతా పట్టేది. పోయిన యేడు ఆపాకు పెళ్లి అయ్యింది. సంతోషమే. కానీ ఆ రోజు నుండి ఇంట్లో పుస్తకం మూతబడ్డది. అమ్మీకి అక్షరం రాదు. అబ్బా కుట్టుమిషను దగ్గర నుండి లేచేసరికి రాత్రి పది దాటుతుంది. చదివే గొంతు అత్తవారింటికి పోయింది.

ఈ ప్రస్తావన విని మన పెద్దమనిషి ఒకరు నన్ను అడిగినారు: "మాస్టారూ, తెర కనపడని మనిషికి తెర ఉన్న పెట్టె ఎందుకండీ? ఆ పైసలతో ఇంకేదన్నా చేయవచ్చు గదా?" ఆయన చెడ్డ ఉద్దేశముతో అనలేదు. అది మనలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే. కనుక ముందు దానికి జవాబు చెప్పి, ఆ తరువాత ఎటువంటి కంప్యూటరు కొనాలి, దుకాణంలో ఏమేమి చూడాలి అనే సంగతికి వస్తాను.

కంప్యూటరు లోపల అక్షరాలు బొమ్మలుగా ఉండవు. అలీఫ్ అయినా, 'అ' అయినా దానికి లోపల ఒక అంకె. ఆ అంకెను తెర మీద గీసి చూపించడం ఒక పద్ధతి. అదే అంకెను గొంతుగా మార్చి వినిపించడం ఇంకొక పద్ధతి. ఈ రెండవ పని చేసే ప్రోగ్రామును స్క్రీన్ రీడర్ అంటారు, అనగా తెర చదివి చెప్పేది. ఏ బటను నొక్కితే ఆ అక్షరం పలుకుతుంది. బాణం గుర్తు నొక్కితే తరువాతి వరుస చదువుతుంది. అవసరమైతే పుస్తకమంతా ఆగకుండా చదివి పెడుతుంది. మౌసు అవసరమే లేదు, పనంతా కీబోర్డు మీదనే జరుగుతుంది. కాబట్టి తెర అనేది కంప్యూటరుకు ఒక కిటికీ మాత్రమే. కిటికీ మూసినా ఇంట్లో దీపం వెలుగుతూనే ఉంటుంది.

దీన్ని తయారు చేసిన వాళ్లెవరో కూడా రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికాలో టెడ్ హెంటర్ అనే ఆయన 1978లో కారు ప్రమాదంలో రెండు కళ్లూ పోగొట్టుకొని, ఆ తరువాత కంప్యూటరు విద్య నేర్చినాడు. 1987లో ఒక మిత్రునితో కలిసి కంపెనీ పెట్టి, జాస్ అనే స్క్రీన్ రీడరును తయారు చేసినాడు. అది నేటికీ ఉన్నది. మంచి పనిముట్టు, కానీ ఖరీదు ఎక్కువ. ఒక కాలంలో చూపులేని మనిషి కంప్యూటరు కొనాలంటే, కంప్యూటరు ధర ఒక ఎత్తు, అది మాట్లాడేందుకు పెట్టే ధర అంతకన్నా పెద్ద ఎత్తుగా ఉండేది. ఇది అన్యాయమని తలచి, ఆస్ట్రేలియాలో మైఖేల్ కర్రన్ అనే చూపులేని యువకుడు 2006లో ఉచిత స్క్రీన్ రీడరు వ్రాయడం మొదలుపెట్టినాడు. చూపులేని ఆయన మిత్రుడు జేమ్స్ తే ఆయనతో చేయి కలిపినాడు. దాని పేరు ఎన్.వి.డి.ఎ. ప్రపంచమంతటా దాన్ని ఒక్క పైసా లేకుండా ఎవరైనా తీసుకోవచ్చు. అందులోని గొంతు ఇంగ్లీషే కాదు, తెలుగు, ఉర్దూ, హిందీ కూడా పలుకుతుంది. ఉచ్చారణ కొంచెం మరబొమ్మ మాట వలె ఉంటుంది, వాస్తవమే. కానీ కొన్నాళ్లు వింటే చెవికి అలవాటవుతుంది. అలవాటైన వాళ్లు మనకు అర్థం కానంత వేగంగా పెట్టుకొని వింటారు.

కాబట్టి ఆ పెద్దమనిషి ప్రశ్నకు నా జవాబు ఇది: మనం కొనబోయేది తెర ఉన్న పెట్టె కాదు. అత్తవారింటికి పోని, నిద్ర రాని, విసుక్కోని ఒక చదివే గొంతును కొనబోతున్నాం.

"చదివినంత మాత్రాన ఏమవుతుంది?" అనేవారికి మన తెలుగువాళ్లలోనే ఒక ఉదాహరణ ఉన్నది. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు పుట్టుకతోనే చూపు లేదు. హైదరాబాదులో దేవ్‌నార్ అంధుల పాఠశాలలో చదివినాడు. పదవ తరగతి పాసై సైన్సు గ్రూపు తీసుకుంటానంటే, చూపులేని వారికి ఆ గ్రూపు ఇవ్వడానికి నియమాలు ఒప్పుకోవన్నారు. అతడు కోర్టుకు పోయి అనుమతి తెచ్చుకున్నాడు. అతని ఉపాధ్యాయురాలు పాఠ్యపుస్తకాలను వినే రూపంలోకి మార్చి ఇచ్చింది. ఇంటరులో 98 శాతం మార్కులు వచ్చినాయి. అటుపిమ్మట అమెరికాలో పేరుపొందిన ఎం.ఐ.టి.లో చదివి వచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ అనే పరిశ్రమ పెట్టి నలుగురికీ పని ఇస్తున్నాడు. 2024లో ఆయన కథను హిందీలో సినిమాగా కూడా తీసినారు. గమనించండి, అతని తెలివి అతనికి ముందునుండే ఉన్నది. పుస్తకం చెవికి అందేటట్లు చేసిన వాళ్లు దొరికినారు, అది పైకి వచ్చింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

కొనే ముందు మొదట అడగవలసిన ప్రశ్న: ఆ మనిషికి చూపు ఎంత ఉన్నది? మనం అందరినీ ఒకే గాటన కడతాం. కొందరికి వెలుతురు, చీకటి తేడా కూడా తెలియదు. కొందరికి కొద్దిగా కనపడుతుంది, పెద్ద అక్షరమైతే చదవగలరు. ఈ రెండవ వారికి తెర చాలా ముఖ్యం. 24 అంగుళాల తెర, మెరుపు కొట్టనిది, ముఖం దగ్గరికి జరుపుకోవడానికి వీలైన స్టాండు ఉన్నది కావాలి. విండోస్‌లో అక్షరాన్ని పెద్దది చేసే సౌకర్యం ముందే ఉన్నది. విండోస్ బటను పట్టుకొని ప్లస్ గుర్తు నొక్కితే చాలు. పూర్తిగా చూపులేని వారికి మాత్రం తెర మీద పెట్టే ప్రతి రూపాయి వృథా. అయితే తెర బొత్తిగా లేకుండా కూడా చేయవద్దు. రేపు ఏదైనా చెడిపోతే బాగుచేయ వచ్చిన మనిషికి తెర కావాలి గదా! ఎవరింట్లోనైనా మూలన పడి ఉన్న పాత మానిటరు దానికి సరిపోతుంది.

రెండవ ప్రశ్న: డెస్క్‌టాపా, లాప్‌టాపా? హాస్టలుకు పోయి చదివే పిల్లలకు లాప్‌టాపే తీసుకోవాలి, అందులో వాదన లేదు. ఇంట్లో ఉండి చదివే వారికి మాత్రం నేను డెస్క్‌టాపే మేలంటాను. కారణాలు చెప్తాను. ఒకటి, అంతే పైసలకు డెస్క్‌టాపులో ఎక్కువ శక్తి వస్తుంది. రెండు, ఒక భాగం చెడిపోతే ఆ భాగం ఒక్కటే మార్చుకోవచ్చు. మూడు, అది ఉన్నచోటనే ఉంటుంది కాబట్టి చేతికి దాని చోటు అలవాటవుతుంది. నాలుగవది అన్నిటికన్నా ముఖ్యం – కీబోర్డు.

కీబోర్డు గురించి కొంచెం విస్తారంగా చెప్పనీయండి. మనకు కళ్లు ఎట్లాగో వారికి అది అట్లా. చాలామంది అడుగుతారు, "బ్రెయిలీ చుక్కలున్న కీబోర్డు తేవాలా?" అని. అవసరం లేదు. ఏ మామూలు కీబోర్డులోనైనా ఎఫ్, జె అక్షరాల మీద చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. రెండు చేతుల చూపుడు వేళ్లు అక్కడ ఆనించి, మిగతా వేళ్లను వరుసగా పెట్టి టైపు చేయడం పాత టైపు ఇన్‌స్టిట్యూట్లలో నేర్పిన పద్ధతే. టైపిస్టులు కీబోర్డు వంక చూడకుండానే కొట్టేవారు గదా! చూపులేని వారు నేర్చుకోవలసింది కూడా అదే విద్య.

కానీ కీబోర్డు పూర్తి సైజుది కావాలి. కుడివైపున అంకెల గడి విడిగా ఉండాలి. స్క్రీన్ రీడరుకు ఆజ్ఞలిచ్చే బటను సాధారణంగా ఇన్‌సర్ట్. తెర మీద ఎక్కడేమున్నదో వెతికే ఆజ్ఞలు అంకెల గడి మీద ఉంటాయి. అందం కోసం చిన్నగా, పలచగా చేసిన కీబోర్డుల్లో ఈ బటన్లు కొన్ని ఉండనే ఉండవు, కొన్ని వేరే బటన్లతో కలిసి ఉంటాయి. ఎఫ్-1 నుండి ఎఫ్-12 వరకు ఉన్న వరుస నాలుగేసి బటన్లకు ఒక సందు విడిచి ఉండాలి, అప్పుడే వేలికి లెక్క తెలుస్తుంది. బటను నొక్కితే నొక్కినట్లు వేలికి తెలియాలి. బాణం గుర్తులు నాలుగూ విడిగా ఉండాలి. ఇట్లాంటి కీబోర్డు ఖరీదైనది కాదు, కంప్యూటరు మొత్తం ధరలో అది చిల్లర. ఆ చిల్లర దగ్గరనే మనం అశ్రద్ధ చేస్తాం.

మూడవది, లోపలి భాగాలు. రంగురంగుల దీపాలు, ఆటల కోసం వేసే గ్రాఫిక్ కార్డు – ఇవేవీ వద్దు. కానీ ఎస్.ఎస్.డి. అనేది తప్పనిసరి. పాత తిరిగే హార్డ్ డిస్కు ఉన్న కంప్యూటరు మెల్లగా పనిచేస్తుంది. మనకైతే తెర మీద గుండ్రంగా తిరిగే గుర్తు కనపడుతుంది, 'ఆలోచిస్తున్నది' అని ఊరుకుంటాం. చూపులేని మనిషికి వినపడేది నిశ్శబ్దమే. చచ్చిపోయిందా, పని చేస్తున్నదా, తాను తప్పు బటను నొక్కిందా – ఏదీ తెలియదు. మళ్లీ నొక్కుతుంది, ఇంకోటి నొక్కుతుంది, అంతా గందరగోళమవుతుంది. కనుక వేగం అనేది మనకు సౌఖ్యం, వారికి అవసరం. 256 జీ.బీ. ఎస్.ఎస్.డి., 8 జీ.బీ. ర్యాము ఉంటే డిగ్రీ చదువుకు, ఆఫీసు పనికి బాగా సరిపోతుంది.

పాత కంప్యూటరు కొనవచ్చునా? కొనవచ్చు. పెద్ద కంపెనీల ఆఫీసుల్లో కొన్నేళ్లు వాడి తీసివేసిన డెల్, హెచ్.పి., లెనోవో యంత్రాలు బాగుచేసి అమ్ముతారు. గట్టివి. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు ఇట్లాంటి వ్యాపారానికి పేరుపడ్డది. ఒక జాగ్రత్త తీసుకోవాలి. విండోస్ 10కి కంపెనీ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్ వారి ప్రాసెసరు 8వ తరం, లేక ఆ పైది అయి ఉండాలి. దుకాణదారుడు 'ఐ-5, ఐ-7' అని గొప్పగా చెప్తాడు. "ఎన్నో తరం భాయ్?" అని అడగండి. 4వ తరం ఐ-7 కన్నా 8వ తరం ఐ-3 మనకు పనికొస్తుంది. విండోస్ అసలుదేనా అని కూడా అడిగి, రసీదు తీసుకోండి. దొంగ కాపీ వేస్తే నాలుగు రోజులకు ఏదో ఒక హెచ్చరిక తెర మీదికి వచ్చి కూర్చుంటుంది. చూపున్నవాడు దాన్ని పక్కకు తోస్తాడు. చూపులేనివారు దానిలో చిక్కుకుపోతారు.

నాలుగవది ధ్వని. ఇది పోతే యంత్రం మూగదవుతుంది. మూగదైన కంప్యూటరు చూపులేని వారికి రాయితో సమానం. కనుక ధ్వనికి రెండు దారులుండాలి. మామూలు స్పీకర్లు ఒకటి, యు.ఎస్.బి.తో తగిలించే వైరు హెడ్‌ఫోను ఇంకొకటి. ఒకటి పలకకపోతే రెండవది తగిలించి చూసుకోవచ్చు. వైరు లేని బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఈ పనికి అంతగా నప్పవు. వాటిలో మాట ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి మొదటి అక్షరం మింగివేస్తుంది. 'రాము' అనేది 'ము' అని వినపడితే చదువు సాగుతుందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉన్న పెట్టె కూడా వద్దు. ఆ చప్పుడులో మాట వినలేక చెవి అలసిపోతుంది.

ఐదవది కరెంటు. మన దగ్గర కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా! కరెంటు పోతే మనకు బల్బు ఆరిపోవడం కనపడుతుంది. ఆ బిడ్డకు చదువుతున్న గొంతు మధ్యలో తెగిపోతుంది, వ్రాసుకున్నది పోతుంది. చిన్న యు.పి.ఎస్. ఒకటి తప్పనిసరిగా పెట్టాలి. అది కూసే కూతే ఆమెకు కరెంటు పోయిందనే కబురు. ఆ కూత విని, దాచుకొని, మెల్లగా మూసుకుంటుంది.

ఇక దుకాణం సంగతి. ఇది మీరు బాగా గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. వాడే మనిషిని వెంట తీసుకుపోకుండా కంప్యూటరు కొనవద్దు. ధర తెలుసుకోవడానికి మేము ఆ బిడ్డను, వాళ్ల అబ్బాను తీసుకొని ఒక పట్నం పోయినాం. దుకాణదారుడు నన్ను, వాళ్ల అబ్బాను కూర్చోబెట్టి మాకే అన్నీ చూపించినాడు. ఆమె అక్కడే నిలబడి ఉన్నది. ఒక్క మాట కూడా ఆమెను అడగలేదు. "వాడేది ఈమె, ఈమెకు చూపించు భాయ్" అన్నాను. ఆయన ఎంతో మెరిసే ఒక కీబోర్డు తెచ్చి ఆమె ముందు పెట్టినాడు. ఆమె పది వేళ్లు ఒకసారి పైనుండి కిందికి పోనిచ్చి, "సర్, ఇందులో ఇన్‌సర్ట్ లేదు. బాణాలు కూడా ఇరుకుగా ఉన్నాయి. ఇది వద్దు" అన్నది. రెండవది వద్దన్నది. మూడవది, మామూలు నల్లది, దుమ్ము పట్టి ఉన్నది, దాని మీద చేయి పెట్టి నవ్వింది. అది అన్నిటికన్నా తక్కువ ధరది! దుకాణదారుడు ఆశ్చర్యపోయి, ఆ తరువాత ప్రతిదీ ఆమెనే అడిగినాడు. మనిషి మంచివాడే. ఎవరిని అడగాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

దుకాణానికి పోయేటప్పుడు జేబులో ఒక పెన్‌డ్రైవు ఉండాలి. దానిలో ఎన్.వి.డి.ఎ. పెట్టుకుపోతే, దుకాణంలోని కంప్యూటరులో ఏమీ ఎక్కించకుండానే, పెన్‌డ్రైవు నుండే దాన్ని మాట్లాడించవచ్చు. ఒకవేళ మరిచిపోతే, విండోస్‌లోనే నరేటర్ అనే గొంతు ఉన్నది. విండోస్, కంట్రోల్, ఎంటర్ – ఈ మూడు కలిపి నొక్కితే మాట్లాడుతుంది. అప్పుడు ఈ పరీక్షలు చేయండి:

1. బటను నొక్కిన వెంటనే అక్షరం పలుకుతున్నదా, ఆగి పలుకుతున్నదా?

2. ఆపి మళ్లీ వేయండి. గొంతు రావడానికి ఎంతసేపు పట్టింది?

3. నిద్రావస్థలో పెట్టి లేపండి. గొంతు తిరిగి వచ్చిందా?

4. హెడ్‌ఫోను పెట్టే చోటు, పెన్‌డ్రైవు పెట్టే చోటు ముందువైపున ఉన్నాయా? చేతికి అందుతున్నాయా?

5. పవర్ బటను తడిమితే తెలుస్తున్నదా? కొన్నిటికి నున్నగా, ముట్టుకుంటేనే పనిచేసే బటన్లుంటాయి. అవి వద్దు.

6. పెట్టె దగ్గర చెవి పెట్టి వినండి. ఫ్యాను చప్పుడు ఎంత?

ఈ ఆరు పరీక్షలకు పావుగంట చాలు. వినియోగదారుడికి ఆ పావుగంట ఇవ్వని దుకాణంలో కొనకండి.

ఇంకొక సంగతి. కంప్యూటరు వేసిన తొలి క్షణాల్లో, విండోస్ రాకముందు కనపడే సెట్టింగులను స్క్రీన్ రీడరు చదవలేదు. అక్కడ ఏమన్నా సరిచేయవలసి ఉంటే దుకాణంలోనే చూపున్న మనిషితో చేయించుకొని రావాలి. అట్లాగే, కంప్యూటరు వేయగానే ఎన్.వి.డి.ఎ. దానంతట అదే మొదలయ్యేటట్లు పెట్టుకోవాలి. వైరసు నుండి కాపాడే ప్రోగ్రాము విండోస్‌తోనే వస్తుంది. దుకాణదారుడు వేసే అదనపు ప్రోగ్రాములు వద్దని చెప్పండి. వాటిలో కొన్ని స్క్రీన్ రీడరుకు లొంగవు.

ఇంటికి తెచ్చిన తరువాత ఇంట్లోవాళ్లకు కూడా కొన్ని అదబులున్నాయి. తమ్ముళ్లు పాటలు విని ధ్వని మూసిపెట్టిపోతే, ఆ బిడ్డ వచ్చేసరికి యంత్రం మూగనోము పట్టి ఉంటుంది. వైర్లు పీకవద్దు, కుర్చీ జరపవద్దు, ఎక్కడి వస్తువు అక్కడే ఉండాలి. ఇవి చిన్నవే, కానీ వారికి ఇవే దారి గుర్తులు.

సోదరులారా! ఇప్పటిదాకా యంత్రం గురించి చెప్పినాను. ఇక మన గురించి చెప్పుకోవాలి. ఎంత మంచి కంప్యూటరు ఇచ్చినా, దానికి చదవడానికి వీలైన అక్షరం మనం ఇవ్వకపోతే అది ఏం చదువుతుంది? మన డి.టి.పి. దుకాణాల్లో తెలుగును ఎక్కువగా 'అను' ఫాంట్లలో కొడతారు. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. కానీ లోపల ఉన్నది తెలుగు అంకెలు కావు, ఇంగ్లీషు గుర్తులకు తెలుగు ముసుగు వేసినట్లు ఉంటుంది. స్క్రీన్ రీడరు ఆ ముసుగును చూడదు, లోపలి గుర్తులనే చదువుతుంది. అర్థం లేని కూతలు వినపడతాయి. మా ఉర్దూలో పాత ఇన్‌పేజ్ ఫైళ్లదీ ఇదే కథ. యూనికోడ్ అనే పద్ధతిలో కొడితేనే తెలుగు తెలుగుగా, ఉర్దూ ఉర్దూగా పలుకుతుంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి సంపుటిలోనే తెలుగుకు చోటు దొరికింది. ముప్పై ఏళ్లు దాటినా మన బజారులోకి అది పూర్తిగా రాలేదు.

మన వాట్సాప్ గుంపులో వచ్చే ప్రకటనలు కూడా చూడండి. స్కాలర్‌షిప్పు గడువు, ఉచిత వైద్య శిబిరం, మీటింగు తేదీ – అన్నీ పూలబొమ్మల మీద అచ్చువేసిన ఫోటోలే. ఆ ఫోటో కింద రెండు వరుసలు అక్షరాలలో టైపు చేస్తే మనకు పోయేదేమీ లేదు. చేయకపోతే స్కాలర్‌షిప్పు గడువు దాటిపోయిన సంగతి ఆ బిడ్డకు దాటిపోయిన తరువాత తెలుస్తుంది.

హక్కుల విషయం కూడా తెలుసుకొని ఉండాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, అందులో అంధత్వం, తక్కువ చూపు ఉన్న వారికి 1 శాతం కేటాయించినారు. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తక్కువ కాకుండా సీట్లు ఇవ్వాలి. వైకల్యం 40 శాతం, ఆ పైన ఉన్నట్లు ధృవీకరణ పత్రం ఉండాలి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో, వీలున్నంత వరకు కంప్యూటరు మీద పరీక్ష వ్రాసే ఎంపిక ఇవ్వాలని, గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు సమయం ఇవ్వాలని చెప్పినారు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు, చూపు లేదన్న కారణంతో న్యాయమూర్తి ఉద్యోగానికి ఎవరినీ దూరం పెట్టరాదన్నది. అదే యేడు ఏప్రిల్ 30న, కంప్యూటరు, ఫోను ద్వారా అందే సేవలను వాడుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. న్యాయమూర్తి కుర్చీ దాకా దారి తెరుచుకున్నది. మన బిడ్డ అడిగేది బడిలో పంతులమ్మ కుర్చీ మాత్రమే.

పుస్తకాల కోసం 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైను గ్రంథాలయం ఉన్నది. అచ్చు చదవలేని వారు సభ్యులై వివిధ భారతీయ భాషల పుస్తకాలు తమకు అనువైన రూపంలో తీసుకోవచ్చు. ఉపకరణాల సహాయానికి కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం ఉన్నది, మహబూబాబాదులో జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో విచారించవచ్చు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థలో చికిత్సతో పాటు, చూపు తిరిగి రాని వారికి పనులు నేర్పే పునరావాస విభాగం కూడా ఉన్నది. ఏ బిడ్డ విషయంలోనైనా మొదట డాక్టరుకు చూపించండి. చూపు వచ్చే అవకాశం ఉంటే అది ముందు, కంప్యూటరు తరువాత.

చివరగా నా విన్నపాలు నాలుగు. సభ వారు ఆలోచించి తీర్మానించవలసిందిగా కోరుతున్నాను.

మొదటిది: కంప్యూటరు ఇద్దాం. కానీ శాలువా కప్పి, ఫోటో దిగి, పెట్టె అప్పగించి వెళ్లిపోయే పద్ధతి వద్దు. ఆ బిడ్డ ఎంచుకున్నదే కొందాం.

రెండవది: నిధి మొత్తం యంత్రం మీదనే ఖర్చు చేయవద్దు. టైపు, స్క్రీన్ రీడరు నేర్పించడానికి కొంత, బాగుచేయించడానికి కొంత విడిగా ఉంచుదాం. మన పిల్లల్లో కంప్యూటరు చదివినవాళ్లు చాలామంది ఉన్నారు. వారానికి రెండు రోజులు, ఒక గంట ఆ ఇంటికి వెళ్లి వాళ్ల అమ్మీ సమక్షంలో నేర్పగల అమ్మాయిలు ఇద్దరు ముందుకు రావాలి.

మూడవది: మన సొసైటీ ప్రకటనలన్నీ ఇక నుండి ఫోటోతో పాటు అక్షరాలలో కూడా పంపుదాం.

నాలుగవది: ఈ సంచికను అచ్చుకు ఇచ్చేటప్పుడే యూనికోడ్ ప్రతి ఒకటి విడిగా తయారు చేయించి, అడిగిన వారికి ఫోనులో పంపుదాం. ఆమె గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం. ఈ మాటలు ఆమె ఎవరి సహాయమూ లేకుండా తానే చదువుకోగలగాలి, తప్పున్న చోట "సర్, ఇది ఇట్లా కాదు" అని నన్ను దిద్దగలగాలి.

మన చుట్టుపక్కల గూడేల్లో, తండాల్లో, ఊళ్లలో ఇట్లాంటి పిల్లలు ఇంకా ఉంటారు. మన జమాతు వాళ్లే కానక్కరలేదు. ఒక్క ఇంట్లో ఈ పని సరిగా చేసి చూపిస్తే, మిగతా వాళ్లు వచ్చి అడుగుతారు. అప్పుడు ఏ కీబోర్డు కొనాలో, ఏ పరీక్షలు చేయాలో చెప్పడానికి నేను అక్కరలేదు. ఆ బిడ్డే చెప్తుంది.